ముప్పై దాటాక కర్ణాటక సంగీతం: ఇంట్లో సాధన ఎలా సాగించాలి

పెద్దయ్యాక సంగీతం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది నాలుగైదు నెలల దగ్గర ఆగిపోతారు. అడిగితే తీరిక లేదంటారు, గొంతు సహకరించడం లేదంటారు. నాకు తెలిసి అసలు కారణం వేరు. మొదటి నెలలో తప్పు పాడినా తెలియదు కనుక హాయిగా ఉంటుంది. రోజూ శ్రుతి (పాటకు ఆధారంగా వెనక మోగే తంబూరా నాదం) వింటూ కూర్చుంటే చెవి ఎదుగుతుంది. గొంతు ఎదగడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడంలో ప్రతి అపస్వరమూ వినిపిస్తుంది, సరిదిద్దడం మాత్రం చేతకాదు. రోజురోజుకీ దిగజారిపోతున్నానని అనిపించేది అప్పుడే. నిజానికి అది ఎదుగుదల మొదలైందన్న గుర్తు. ఈ సంగతి ముందే తెలిసినవాళ్లు నిలబడతారు, తెలియనివాళ్లు పుస్తకం అటక మీద పెట్టేస్తారు.

ఉద్యోగం, ఇల్లు, పిల్లలు చూసుకుంటూ రోజుకు ముప్పావుగంటకు మించి తీరిక దొరకనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గాత్రం గురించే చెబుతున్నా, వీణ, వయొలిన్ నేర్చుకునేవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది.

ముందు ఒక తేదీ పెట్టుకోండి

"సంగీతం నేర్చుకోవాలి" అనుకుంటే ఎక్కడికీ చేరరు. "వచ్చే దసరాకు మా ఇంటి బొమ్మల కొలువులో రెండు గీతాలు పుస్తకం చూడకుండా పాడతాను" అనుకోండి. తేదీ ఉంది, పాఠం ఉంది, వినేవాళ్లు ఉన్నారు. పరీక్షలంటే ఇష్టమున్నవాళ్లకు సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు ఎలాగూ ఉన్నాయి. కాస్త దూరపు గమ్యం కావాలంటే త్యాగరాజ ఆరాధనలో గోష్ఠిగానంలో, అంటే అందరూ కలిసి పాడేచోట, కూర్చోవడం ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

గమ్యం పెట్టుకునేటప్పుడు పక్కన ఎవరిని నిలబెట్టుకుంటున్నారో చూసుకోండి. బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ల వయసులో విజయవాడలో నిండు కచేరీ చేశారని చదివి, నలభై ఏళ్లకు సరళీ వరుసలు (మొట్టమొదటి స్వరపాఠాలు) పాడుతున్న తమను చూసి నిట్టూర్చేవాళ్లుంటారు. ఆయన తండ్రి వేణువు వాయించేవారు, తల్లి వీణ వాయించేవారు, గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పుట్టింది మొదలు శ్రుతిలో పెరిగిన బిడ్డతో, ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చునే మనిషికి పోలిక ఏమిటి? మీరు పోల్చుకోవలసింది పోయిన నెల మీరు పాడిన రికార్డింగుతో.

గురువు దగ్గర అడగవలసినవి

వారానికి ఒకటో రెండో పాఠాలు చాలు, గురువు మాత్రం ఉండాలి. యూట్యూబ్ చూసి మొదలుపెట్టినవాళ్లకు పాఠాలు వస్తాయి, తప్పులు కూడా వాటితోపాటే గట్టిపడతాయి. గురువును ఎంచుకునేటప్పుడు నేను చూసేవి రెండే. తరగతిలో శ్రుతి ఎప్పుడూ మోగుతూ ఉంటుందా? విద్యార్థి తప్పు పాడితే మధ్యలో ఆపుతారా? ఆపకుండా "బాగుంది, పైవారం చూద్దాం" అనేవారు మంచి మనిషే కావచ్చు, మంచి గురువు కారు.

ఒక చిక్కు గమనించండి. గురువుతో కలిసి పాడుతున్నప్పుడు అంతా సరిగ్గా వస్తున్నట్టే ఉంటుంది. ఆవిడ గొంతు మన గొంతును మోసుకుపోతుంది. ఇంటికొచ్చి పాడితే ఏదీ నిలవదు. అందుకని పాఠం చివర్లో "ఒక్కసారి నేనే పాడతాను, మీరు వినండి టీచరుగారూ" అని అడగండి. ఆన్‌లైన్ తరగతుల్లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడటం కుదరదు. విదేశాల్లో ఉన్న మన పిల్లలు దీన్ని పెద్ద లోటనుకుంటారు. మొదటి నుంచీ ఒంటరిగా పాడక తప్పని ఆ అలవాటు ఒకరకంగా మేలే చేస్తుంది.

శ్రుతి కుదుర్చుకోవడం

ఆడవాళ్లకు సాధారణంగా నాలుగున్నర నుంచి ఐదున్నర శ్రుతి, మగవాళ్లకు ఒకటి నుంచి రెండు కుదురుతుంది. ఫోనులో తంబూరా ఆప్ వాడేవాళ్లకు ఒకటి అంటే సి, ఐదు అంటే జి. మీ ఆధార షడ్జం (స) నుంచి కిందికి మంద్రస్థాయి పంచమం (కింది ప) వినిపించేలా, పైకి తారస్థాయి గాంధారం (పై గ) గొంతు బిగించకుండా పాడగలిగితే ఆ శ్రుతి మీకు సరిపోయినట్టే. హెచ్చు శ్రుతి పాడటం గొప్ప అనుకునే అలవాటు మనవాళ్లలో ఉంది. అది గొంతుకు హాని. ఒకసారి కుదిరాక వారానికోసారి మార్చకండి.

ఫోను చిన్న స్పీకరులో మంద్ర షడ్జం సరిగ్గా వినిపించదు, ఒక మామూలు స్పీకరు పెట్టుకోండి. ఇయర్‌ఫోన్లు వాడక తప్పకపోతే ఒక చెవికే పెట్టుకోండి. రెండూ మూసేస్తే మీ గొంతు మీకు తప్పుగా వినిపిస్తుంది.

తరువాత షడ్జం పట్టుకుని నిలబడండి. సరిగ్గా కలిసినప్పుడు మీ గొంతు తంబూరాలో కరిగిపోయినట్టు, విడిగా వినిపించనట్టు ఉంటుంది. కాస్త తప్పితే రెండు నాదాల మధ్య సన్నని వణుకు పుడుతుంది. శ్రుతికి దగ్గరయ్యేకొద్దీ ఆ వణుకు నెమ్మదించి, కలిశాక ఆగిపోతుంది. అది వినడం వచ్చిన రోజున మీకు ఇంట్లోనే ఒక పరీక్షాధికారి దొరికినట్టు. మొదటి రెండు వారాలు రోజూ పది నిమిషాలు ఇదే చేయండి: స, ప, పై స. విసుగ్గా ఉంటుంది. ఉండనివ్వండి.

రోజుకు నలభై నిమిషాలు ఎలా పంచుకోవాలి

తెల్లవారుజామున సాధన చేయాలన్నది పాత మాట. అప్పుడు ఊరు నిశ్శబ్దంగా ఉంటుంది, ఫోను మోగదు, మంద్రస్థాయి కూడా బాగా పలుకుతుంది. అపార్టుమెంటులో ఐదు గంటలకు పాడితే పక్కింటివాళ్లు ఏమంటారో మీకే తెలుసు. వేళ ఏదైనా పరవాలేదు, రోజూ ఒకటే ఉండాలి. వంట పూర్తయ్యాక, లేదా పిల్లలు ట్యూషనుకు వెళ్లాక, అంటూ ఇంట్లో ఎలాగూ జరిగే ఒక పనికి సాధనను ముడిపెట్టండి. "తీరిక దొరికినప్పుడు" అనే వేళ గడియారంలో లేదు.

నలభై నిమిషాల్లో మొదటి ఐదు శ్రుతికి. తరువాతి పది నిమిషాలు మంద్రస్థాయిలోనూ మధ్యస్థాయిలోనూ అకారంతో ('ఆ' అంటూ) నెమ్మదిగా స్వరాలు నిలపడానికి. పదిహేను నిమిషాలు వరుసలకు. మిగిలిన పదీ ఈ వారం పాఠానికి. కొత్త పాఠం మీద ఉత్సాహంతో మొత్తం సమయం దానికే ఇచ్చేస్తుంటారు. ఆ పని చేస్తే పునాది పాఠాలు రెండు నెలల్లో బూజు పడతాయి. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చోండి, నేల మీదే కూర్చోవాలన్న నియమం లేదు. వెన్ను నిటారుగా ఉంటే చాలు.

ఒక్క రిషభం మీద వారం

మొదటి పాఠాలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. ఆ పద్ధతి పురందరదాసు పెట్టారని సంప్రదాయం చెబుతుంది. డెబ్భైరెండు మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, ఇది పదిహేనోది. దీన్నే ఎందుకు ఎంచుకున్నారో పాడుతుంటే తెలుస్తుంది. స-రి దగ్గరదగ్గరగా, రి-గ దూరంగా, గ-మ మళ్లీ దగ్గరగా ఉంటాయి. పై సగంలో ప-ద, ద-ని, ని-స కూడా అచ్చంగా అలాగే. కింది సగం చక్కగా వస్తే పై సగానికి దారి దొరికినట్టే.

చిక్కంతా శుద్ధ రిషభం (షడ్జానికి దగ్గరగా ఉండే రి) దగ్గర. సినిమా పాటలు వింటూ పెరిగిన చెవికి రిషభం అనగానే దానికి ఒక మెట్టు పైన ఉండే చతుశ్రుతి రిషభమే తడుతుంది. తెలియకుండానే గొంతు పైకి పోతుంది, పాడేవాళ్లకు మాయామాళవగౌళ పాడుతున్నామనే భ్రమ ఉంటుంది, వినేవాళ్లకు ఇంకేదో వినిపిస్తుంది. గాంధారం దగ్గర దీనికి తలకిందులు: అంతర గాంధారం మధ్యమానికి ఆనుకుని ఉండాలి, మొదట్లో అందరికీ అది కిందికి జారుతుంది.

దీనికి ఒక కసరత్తు చేయండి. షడ్జం మీద నాలుగు లెక్కలు నిలవండి. అక్కడి నుంచి గొంతును చాలా నెమ్మదిగా, మెట్టు ఎక్కకుండా, పైకి జరపండి. షడ్జం ఇక షడ్జంలా వినిపించని మొదటి చోటును దాటి కొద్దిదూరంలో రిషభం ఉంటుంది. హార్మోనియం గానీ కీబోర్డు గానీ ఉంటే ఆ మెట్టు నొక్కి సరిచూసుకోండి. మళ్లీ షడ్జానికి దిగండి. స, రి, స, రి, స. అయిదు నిమిషాలు, వారం రోజులు. రెండోవారం గ-మ-గ-మ. మూడోవారం అదే పని పైన ద దగ్గర, ని దగ్గర. ఇంతవరకూ వరుసలు ముందుకు సాగకపోయినా నష్టం లేదు. నెల రోజులు ఇలా కూర్చున్నవాళ్లు ఆ తరువాతి పాఠాలను చకచకా దాటడం నేను చాలామందిలో చూశాను.

ఇంకో పరీక్ష: ఒక వరుస పాడుతూ మధ్యలో ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) పాటు తంబూరా శబ్దం తీసేయండి. ఆవర్తం పూర్తయ్యాక మళ్లీ పెట్టండి. మీ షడ్జం ఎక్కడుందో అప్పుడు బయటపడుతుంది.

మూడు కాలాలు

ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. తరువాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చేతి నడక మాత్రం మారకూడదు. పాఠం సారమంతా ఆ చివరి నియమంలోనే ఉంది.

అందరూ చేసే పొరపాటు ఒకటే. మొదటి కాలంలో స్వరానికి స్వరానికి మధ్య ఖాళీ భరించలేక చెయ్యి పరుగెత్తుతుంది, మూడో కాలంలో స్వరాలు అందక చెయ్యి నెమ్మదిస్తుంది. మెట్రోనోము (సమానమైన దెబ్బలు కొట్టే పరికరం) పెట్టుకుంటే దాపరికం ఉండదు. నిమిషానికి అరవై దెబ్బలు పెడితే ఆది తాళం ఒక ఆవర్తానికి ఎనిమిది సెకన్లు. మొదటి కాలంలో స నుంచి పై స వరకు ఎక్కడానికి ఒక ఆవర్తం పడుతుంది. మూడో కాలంలో అదే ఎక్కడానికి రెండు సెకన్లే, అంటే సెకనుకు నాలుగు స్వరాలు. అది కొత్తవాళ్లకు కష్టం. యాభై దగ్గర మొదలుపెట్టి, మూడు కాలాలూ శుభ్రంగా వరసగా మూడు రోజులు వచ్చాక రెండు దెబ్బలు పెంచండి. చెడితే పాత చోటికి రండి. ఈ అంకెలు పుస్తకంలో రాసుకుంటే మీ ఎదుగుదల ఎవరూ పొగడకపోయినా మీ కళ్లకు కనిపిస్తుంది.

త్వరగా పాడగలగడం చూసి మురిసిపోకండి. తప్పు దొరికేదీ, దిద్దుకునేదీ మొదటి కాలంలోనే. మూడో కాలంలో రిషభం ఎక్కడ ఉందో మీకూ తెలియదు, పాటకూ తెలియదు. నా మాట వింటే వరుసల సమయంలో సగం మొదటి కాలానికే ఇవ్వండి.

జంట వరుసల్లో (ప్రతి స్వరాన్నీ రెండేసిసార్లు పలికే పాఠాల్లో) రెండో స్వరాన్ని కాస్త ఒత్తి పలకాలి, రెండూ ఒకే బరువుతో పాడితే అవి జంటలు కావు. అలంకారాలకు, అంటే ఏడు తాళాల్లో కట్టిన స్వరపాఠాలకు, వచ్చేసరికి తాళమే పాఠమవుతుంది. ధ్రువ తాళం పద్నాలుగు అక్షరాలు: సరిగమ, గరి, సరిగరి, సరిగమ. నాలుగు, రెండు, నాలుగు, నాలుగు. స్వరాల కూర్పు తాళం అంగాల మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది. ఈ ఏడు అలంకారాలనూ వేరే రాగాల్లో కూడా పాడించే గురువు దొరికితే అదృష్టం.

సాధన పుస్తకం, మాట తీరు

రోజూ రెండు వాక్యాలు రాయండి. ఏమి పాడారు, ఎక్కడ చెడింది. రెండో వాక్యం ఎలా రాస్తారన్నదే ముఖ్యం. "నాకు స్వరజ్ఞానం లేదు", "ఈ వయసులో ఇది నాకెందుకు" లాంటివి రాస్తే రేపు చేయడానికి పనేమీ మిగలదు. "మూడో వరుసలో దిగేటప్పుడు గాంధారం తగ్గింది" అని రాస్తే రేపటి మొదటి ఐదు నిమిషాలకు పని దొరుకుతుంది. సానుకూల దృక్పథం అని అందరూ అంటుంటారు, సాధనకు సంబంధించినంతవరకు నాకు అర్థమైనది ఇంతే: తప్పును మనిషికి అంటగట్టకుండా స్వరానికి అంటగట్టడం. "అంతా బాగుంది" అని అద్దం ముందు చెప్పుకోవడం వల్ల ఏ గాంధారమూ పెరగలేదు.

వారానికి ఒకసారి, ఒకే రోజున, ఒకే పాఠాన్ని ఒక నిమిషం రికార్డు చేయండి. ఫోను రెండు బారల దూరంలో ఉండాలి. పాడిన వెంటనే వినకండి. పాడిన అలసట, ఆశ రెండూ చెవిని చెడగొడతాయి. మరునాడు వినండి, ఒక్క తప్పు ఎంచుకోండి, ఒక్కటే. ఆ వారం దాని పని పట్టండి. మూడు నెలలకోసారి మొదటి రికార్డింగు బయటకు తీసి వినడం మాత్రం మరచిపోవద్దు. నిరుత్సాహంగా ఉన్నప్పుడు ఎవరు ఓదార్చినా నమ్మరు, మీ పాత గొంతు చెబితే నమ్ముతారు.

ఇంట్లోవాళ్ల వెక్కిరింపులు వేరే సంగతి. "మళ్లీ మొదలైంది సరిగమ" అంటారు. పోట్లాడకండి. తలుపు వేసుకోండి.

సాధన కుదరని రోజులు

జ్వరం, ప్రయాణం, పెళ్లిళ్లు, నెలాఖరు పని. ఇవి వస్తాయి. అలాంటి రోజు కోసం ముందే ఒక కనీస సాధన పెట్టుకోండి: శ్రుతి పెట్టి ఐదు నిమిషాలు స-ప-స. గొంతు బాగాలేకపోతే పాడకుండా, తాళం వేస్తూ పాఠాన్ని మనసులో నడపండి. ఒక కృతిని నాలుగుసార్లు శ్రద్ధగా వినడమూ సాధనే. ఒక రోజు తప్పితే మరునాడు రెట్టింపు చేయవద్దు. అలా అప్పు తీర్చబోయి గొంతు పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ.

జలుబుతో గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు, అది కూడా గొంతుకు శ్రమే. మాట తగ్గించండి, నీళ్లు తాగండి. పాడుతుంటే నొప్పి వస్తే అక్కడే ఆపండి. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. మిరియాల కషాయం తాగుతూ నెలలు గడపకండి.

పది రోజులో నెలో పూర్తిగా ఆగిపోతే, తిరిగి మొదలుపెట్టే రోజు ఆపిన చోటి నుంచి అందుకోకండి. రెండు పాఠాలు వెనక్కి వెళ్లండి.

గీతం నుంచి వర్ణం దాకా

గీతాలు (చిన్న సాహిత్యంతో ఉండే మొదటి పాటలు) చాలా పుస్తకాల్లో మలహరి రాగంతో మొదలవుతాయి. మలహరి మాయామాళవగౌళకు జన్యమే, అంటే దాని నుంచి పుట్టినదే, కాబట్టి కొత్త స్వరం ఒక్కటీ ఉండదు. ఆరోహణలో (ఎక్కేటప్పుడు) గాంధారం, నిషాదం లేవు, అవరోహణలో (దిగేటప్పుడు) నిషాదం లేదు. మీరు వారాల తరబడి దిద్దుకున్న రిషభమే ఇక్కడ సాహిత్యం కట్టుకుని వస్తుంది. మొదట స్వరం, తరువాత సాహిత్యం, ఆ తరువాత అకారం, ఈ వరుసలో నేర్చుకోండి. సాహిత్యం రాగానే స్వరం మరచిపోయే అలవాటు రానివ్వకండి.

వర్ణానికి, అంటే గీతాల తరువాత వచ్చే పెద్ద పాఠానికి, చేరడానికి రోజూ సాధన చేసే పెద్దవాళ్లకు ఏడాదిన్నర, రెండేళ్లు పట్టినా ఆలస్యమేమీ కాదు. పల్లవి, అనుపల్లవి, ముక్తాయి స్వరం ఒక భాగం, చరణం, చిట్ట స్వరాలు రెండో భాగం. మొత్తం ఒకేసారి పాడుతూ పోవడం కంటే, ఎప్పుడూ తడబడే ఆవర్తాన్ని విడిగా తీసి, దానికి ముందు ఆవర్తంలోని చివరి రెండు అక్షరాల నుంచి అందుకుని పాడండి. తడబాటు సాధారణంగా కష్టమైన స్వరంలో ఉండదు, దానిలోకి దిగే చోట ఉంటుంది. రెండు కాలాల్లోనూ వచ్చాకే ఇంకో వర్ణం.

ఇక్కడ మనకొక వెసులుబాటు ఉంది. కర్ణాటక సంగీతంలో పదాలు, జావళీలు అనే పాటలు, త్యాగరాజ కృతులు, వర్ణాలు చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. చెన్నైలోనో మైసూరులోనో పుట్టిన విద్యార్థి అర్థం అడిగి తెలుసుకోవలసినది మనకు ఊరికే వస్తుంది. అయినా అర్థం పట్టించుకోకుండా మాటల్ని ఎక్కడపడితే అక్కడ విరిచేది మనమే. పాడే ముందు సాహిత్యాన్ని ఒకసారి మాటలా చదవండి.

పదిమందిలో పాడటం

గీతాలు నాలుగు వచ్చాయంటే ఇంటి పూజలో ఒకటి పాడండి. పొగడ్తలకోసం ఆగకుండా లేచి ప్రసాదం పంచండి. తరువాత కొలువు పేరంటం, ధనుర్మాసంలో గుడి. పదిమంది ఎదుట శ్రుతి కాస్త పెరుగుతుంది, తాళం పరుగెడుతుంది, అందరికీ అంతే. ఇంట్లో సాధన చేసిన శ్రుతినే ఫోనులో పట్టుకెళ్లండి, మొదటి షడ్జం అందాకే నోరు తెరవండి.

ఇక ఆరాధన. పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులోనే కాదు, మన ఊళ్లలోనూ, తెలుగువాళ్లున్న చాలా విదేశీ నగరాల్లోనూ త్యాగరాజు పంచరత్నాలు, అంటే అయిదు కృతులు, గోష్ఠిగా పాడతారు. వాటి రాగాలు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. అయిదూ ఆది తాళమే. ఇందులో గౌళ మాయామాళవగౌళ కుటుంబంలోనిదే. వరాళిని ఎదురుగా కూర్చోబెట్టి చెబితే గురుశిష్యులకు పడదని ఒక నమ్మకం ఉంది, కొందరు గురువులు ఇప్పటికీ విని నేర్చుకోమంటారు. వాదించకండి, వినే నేర్చుకోండి.

అయిదూ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఒకటి బాగా వచ్చినా వెళ్లి కూర్చోవచ్చు. నిర్వాహకులను రెండు నెలల ముందే కలిస్తే ఏ పాఠం పాడతారో చెబుతారు, పాఠాంతరాలు (ఒకే కృతిని పాడే తీరులు) వేరుగా ఉంటాయి కనుక ఇది అడిగి తీరాలి. రిహార్సళ్లు పెడితే ఒక్కటీ తప్పించుకోకండి. ఆ రోజు వెనక వరుసలో, బాగా పాడేవారి పక్కన చోటు చూసుకోండి. సాహిత్యం పెద్ద అక్షరాలతో రాసుకున్న పుస్తకం తీసుకెళ్లండి. రాని కృతి వచ్చినప్పుడు పెదవులు కదపకుండా తాళం మాత్రం వేయండి.